అరికాలితో వజ్రాలు వెతికిన ఊరు

నేను డాక్టరును కాను. అనంతపురంలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ ముక్క సర్వీసంతా చెబుతూనే ఉన్నాను, ఒక్కరూ నమ్మలేదు. తెల్లకోటు వేసుకుని, మోకాలు పట్టుకుని అటూ ఇటూ వంచే ఆడమనిషిని జనం డాక్టరమ్మ అనే అంటారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత గొంతు నొప్పి పుట్టి మానేశాను.

ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. "పల్లెల్లో కీళ్ళనొప్పుల కార్యక్రమం అంటే అసలు ఏం చేయాలి మేడం?" అని అడుగుతారు. ఆర్డరు కాగితంలో ఉన్నదంతా వాళ్ళకు తెలుసు. అందులో లేనిది చెప్పడానికి నా దగ్గర ఒక ఊరి సంగతి ఉంది. వజ్రకరూరు దగ్గరి ఊరు. పేరు రాయను. ఆ ఊళ్ళో ఇప్పటికీ నామీద గొప్ప నమ్మకం ఉంది. ఆ నమ్మకం దేనిమీదో చదివాక మీకే తెలుస్తుంది.

కరపత్రం

ముందు కరపత్రం గురించి చెప్పాలి. మోకాళ్ళు అరిగినవాళ్ళకు పంచమని పైనుంచి కట్టలు కట్టలుగా వచ్చేది. మీద పార్కులో బూట్లు వేసుకుని పరుగెత్తుతున్న ముసలి దంపతుల బొమ్మ. లోపల సలహాలు. కింద కూర్చోవద్దు. గొంతుకూర్చోవద్దు. బరువులు మోయవద్దు. ఉదయం అరగంట నడవండి. మెట్లు ఎక్కకుండా లిఫ్టు వాడండి.

శనగచేలో పొద్దంతా గొంతుకూర్చుని కలుపు తీసే ఆడవాళ్ళకు దీన్ని చదివి వినిపించడం నా ఉద్యోగం. ఒకామె ఓపికగా విని అడిగింది.

"నిలబడుకొని కలుపు తీసే మనిషిని నువ్వు యాడన్నా సూసినావా మేడం?"

చూడలేదన్నాను.

"మల్ల ఆ లిఫ్టు సంగతి. ఎవరినడిగినా లిఫ్టు ఇయ్యరు మేడం. మా రోడ్డుమింద బండ్లే రావు."

ఆ రోజు నుంచి కరపత్రం చదవడం మానేసి పంచడం మాత్రం చేశాను. ఆ కాగితం దళసరిగా ఉండేది. శనగకాయలు పొట్లం కట్టుకోవడానికి బాగుందని చాలామంది రెండోది కూడా అడిగి తీసుకున్నారు. పంపిణీ పూర్తయిందని రిపోర్టు రాశాను.

ఫోటోలో శవాలు

అప్పుడు మా ప్రోగ్రాం ఆఫీసరు శేషాద్రి గారు. మనిషి మంచివాడే, అబద్ధం చెప్పను. కాకపోతే ఆరోగ్యాన్ని ఫోటోలో కొలిచేవాడు. ఎంతమంది కనిపిస్తే అంత ఆరోగ్యం. ఒకరోజు నన్ను పిలిచి, పల్లెల్లో వ్యాయామ శిబిరాలు మొదలుపెట్టాలన్నాడు. మొదటిది వజ్రకరూరు వైపు, వచ్చే వారమే.

"సార్, తొలకరి పడింది. అటువైపు జనం ఇళ్ళల్లో ఉండరు" అన్నాను.

"వానలు పడితే నొప్పులు ఎక్కువవుతాయి కదమ్మా రజియా. ఇదే సరైన సమయం."

"అది కాదు సార్. వాన పడితే వజ్రాలు పైకి తేలతాయని చేలల్లో వెతుకుతారు. వేరే జిల్లాల నుంచి కూడా వస్తారు."

ఆయన నావైపు జాలిగా చూశాడు. తర్వాత ఇంకో ఆదేశం ఇచ్చాడు. "నేలమీద పడుకుని చేసే వ్యాయామాలు వద్దు. పోయినసారి ఆసుపత్రిలో తీసిన ఫోటోలో వరసగా శవాల్లా కనిపించారు. పైవాళ్ళు ఫోన్ చేసి ఏం జరిగిందని అడిగారు. కుర్చీలో కూర్చుని చేసేవి చూడు."

కుర్చీ మీద నాకేమీ అభ్యంతరం లేదు. మా అమ్మ మోకాళ్ళు పోయాక పన్నెండేళ్ళు కుర్చీలో కూర్చునే నమాజు చేసింది. కాబట్టి రెండు వ్యాయామాలు ఎంచుకున్నాను. ఒకటి, కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టి దించడం. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. రెండోది పాదాలకు. కింద గోలీలు పోసి, కాలివేళ్ళతో ఒక్కొక్కటీ ఎత్తి గిన్నెలో వేయడం. పాఠ్యపుస్తకంలో ఉన్న వ్యాయామమే. నా సొంత తెలివి ఏమీ లేదు.

నేను కడిగిన రాళ్ళు

శిబిరం స్కూలు వరండాలో పెట్టాం. నేను, ఆశా వర్కరు సుజాత, పదిహేను కుర్చీలు. ఇంకెవరూ రాలేదు.

"ఈ నెలంతా ఎవరి మోకాళ్ళు యాడుండాయో వాళ్ళకే తెల్దు మేడం. అందరూ తిప్పారెడ్డి చేన్లో ఉండారు" అంది సుజాత.

వెళ్ళి చూశాను. ఎర్రటి చేను. అందులో ఊరు ఊరంతా గొంతుకూర్చుని బాతుల్లా అంగుళం అంగుళం ముందుకు జరుగుతోంది. పోయిన నెల నా దగ్గరికి వచ్చి మోకాలు వంగడం లేదని ఏడ్చినవాళ్ళు కనీసం ఆరుగురున్నారు. తెల్లవారినప్పటి నుంచి వంచే ఉన్నారు. ఎవరూ తల ఎత్తలేదు. నేను వీపులతో మాట్లాడాను.

గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో చేను ఆసామి తిప్పారెడ్డి కూర్చుని ఉన్నాడు. అరవై దాటాయి. దొడ్డికాళ్ళు, లావాటి మనిషి. ఆయన చేన్లో ఎవరైనా వెతకొచ్చు, కానీ దొరికింది ముందు ఆయనకు చూపించాలి. అదీ ఒప్పందం.

"కావాలంటే ఈడ్నే పెట్టుకోండి మేడం మీ క్యాంపు. వాళ్ళు రారు, మీరే రావల్ల" అన్నాడు.

కుర్చీలు గట్టు మీదికి తెప్పించాను. తీరా చూస్తే గోలీల సంచి అనంతపురంలో మర్చిపోయాను. సరే, రాళ్ళకేం కరువని చేన్లోనే నున్నటివి గుప్పెడు ఏరాను. మట్టిగా ఉన్నాయని మగ్గులో నీళ్ళు పోసి కడిగాను. పగుళ్ళుంటే కాలికి గుచ్చుకుంటాయని ఒక్కొక్కటీ ఎండకు ఎత్తిపట్టి చూశాను.

పిల్లలూ, పల్లెకు పోయినప్పుడు మీ చేతులు ఏం చేస్తున్నాయో చూసుకోండి. వజ్రాల సీజనులో, వజ్రాల ఊళ్ళో, గవర్నమెంటు జీపులో వచ్చిన మనిషి రాళ్ళు ఏరి, నీళ్ళలో కడిగి, ఎండకు పట్టి చూసి, కొన్ని పక్కనపెట్టి కొన్ని పారేసింది. అప్పుడు మాత్రం అందరూ తల ఎత్తారు.

మర్నాడు వెళ్ళేసరికి గట్టు మీద కాలు పెట్టే చోటు లేదు.

సుజాత నన్ను పక్కకు లాగింది. "మేడం, మీరు వజ్రాలు కనిపెట్టే డిపార్టుమెంటంట గదా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటాండారు. వజ్రం చేతికి తెలీదంట, అరికాలికైతే సల్లగా తగుల్తాదంట. గవర్నమెంటోళ్ళు ఇప్పుడే కనిపెట్టినారంట. అందుకే కాలేళ్ళతో రాళ్ళెత్తేది నేర్పిస్తాండారంట."

"నువ్వేం చెప్పావు?"

"కాదనే సెప్పినా. నీకు తెల్దులే పో అన్యారు."

నేను కుర్చీ ఎక్కి గట్టిగా చెప్పాను. ఇది మోకాళ్ళ నొప్పుల కార్యక్రమం, వజ్రాలకూ దీనికీ సంబంధం లేదు, నేను ఆసుపత్రి మనిషిని. అందరూ శ్రద్ధగా విన్నారు. ముందు వరసలోని ముసలాయన తల ఊపి, "అట్లనే అనుకుందాం మేడం" అన్నాడు. వెనక ఎవరో, "పాపం, సెప్పకూడదని ఆర్డరుంటాది" అన్నారు.

ఎంత కాదంటే అంత నిజమైంది. వారం తిరిగేసరికి ఇళ్ళల్లోని కుర్చీలు, స్టూళ్ళు, ముక్కాలిపీటలు, పెళ్ళిళ్ళ షామియానా కుర్చీలు కూడా చేన్లోకి వచ్చాయి. జనం చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, అరికాలితో మట్టి తడిమి, కాలివేళ్ళతో రాయి ఎత్తి, చల్లగా ఉందో లేదో చూసి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంటున్నారు. మధ్యమధ్య కాలు చాచి పది లెక్కపెట్టడం కూడా చేస్తున్నారు. అది చేస్తే అరికాలికి పసిగట్టే గుణం పెరుగుతుందని ఎవరో చెప్పారట.

మీరు నవ్వే ముందు ఒక మాట. వాళ్ళ మోకాలి నొప్పులు తగ్గాయి. తగ్గక ఏమవుతాయి? గొంతుకూర్చోవడం మానేశారు, రోజుకు వందసార్లు తొడ కండరం బిగిస్తున్నారు. నా సర్వీసులో అంత బాగా నడిచిన కార్యక్రమం ఇంకొకటి లేదు. అది నడిచింది నేను చెప్పని అబద్ధం మీద. మూడుసార్లు కాదని చెప్పాను, నిజమే. కానీ మూడోసారి కొంచెం మెల్లగా చెప్పాను. ఆ సంగతి కూడా రాయాలి.

శేషాద్రి గారు ఫోటోకు వచ్చాడు. చేనంతా కుర్చీలు చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

"అందరూ కిందికే చూస్తున్నారేంటమ్మా? కెమెరా వైపు చూడమను."

చెప్పాను. ఎవరూ చూడలేదు. "ఎంత ఏకాగ్రత!" అన్నాడు. ఆ ఫోటో పైదాకా వెళ్ళి ప్రశంసలు తెచ్చింది. వెళ్ళేముందు ఆయన కూడా బూట్లు, మేజోళ్ళు విప్పి పావుగంట కూర్చున్నాడు. లేస్తూ నా చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"నిజంగానే చల్లగా తగులుతుందా?"

ముడి

ఇక్కడి నుంచి నా తప్పు.

ఓబుళమ్మ అని ఒకామె ఉండేది. నలభై ఐదేళ్ళుంటాయి. భర్త లేడు, శనగచేలల్లో కూలికి పోతుంది. మొదటి వారం నుంచీ వచ్చింది. వచ్చినప్పుడల్లా, "పొద్దన్నే లేస్తే ఏళ్ళు ముడుసుకోవు మేడం, సంగటి ముద్ద కట్టేకి రాదు" అనేది. నేను, "అలాగే, ముందు కాళ్ళ వ్యాయామం చెయ్యి" అనేదాన్ని. నా రిజిస్టరులో జబ్బు పేరు రాసే గడిలో అప్పటికే పైనుంచి కిందిదాకా "మోకాళ్ళ అరుగుదల" అని రాసి పెట్టుకున్నాను. పేర్లు తర్వాత నింపేదాన్ని. అంతమంది జనంలో అది తొందరగా అవుతుందని. ఓబుళమ్మ పేరు కూడా అలాగే ఒక గడిలో పడింది.

ఐదో వారం ఆమె నన్ను చాటుకు పిలిచింది. కొంగు చివర ఏదో ముడి వేసి ఉంది.

"నువ్వు సూసి సెప్పల్ల మేడం. రెడ్డికి ఇంగా సూపించలా."

ముడి విప్పబోయింది. రాలేదు. వేళ్ళు ముడిని పట్టుకోలేకపోతున్నాయి. పంటితో లాగబోయింది. ఆ ముడి ఆమె వేసింది కాదు, పక్కింటి పిల్లతో వేయించుకుందట. నేను ఆమె చేతులు పట్టుకుని మొదటిసారి సరిగ్గా చూశాను. రెండు చేతుల్లోనూ వేళ్ళ మొదళ్ళు సమానంగా ఉబ్బి, వెచ్చగా ఉన్నాయి. కుడిచేతి చిటికెనవేలు అప్పుడే పక్కకు ఒరిగింది.

"పొద్దున ఈ బిగుతు ఎంతసేపుంటుంది?"

"రాయి సూడు మేడం."

"ఎంతసేపు?"

"పొద్దు బారెడెక్కిందాకా. రాయి సూడమంటే ఏళ్ళు సూస్తావేంది?"

"జ్వరం వస్తోందా? సన్నబడ్డావా?"

ఓబుళమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. నా మొహంలోకి అనుమానంగా చూసింది. "అర్థమాయలే. మంచి రాయే అయ్యుంటాది. అందుకే నువ్వు మాట మారుస్తాండావు."

అది అరుగుదల కాదని నాకు తెలిసిపోయింది. అరిగిన మోకాలికి నేను చాలు. ఇది కీళ్ళవాతం. దీనికి డాక్టరు కావాలి, రక్తపరీక్షలు కావాలి, మందులు వెంటనే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే వంకరపోయిన వేళ్ళు మళ్ళీ తిన్నగా రావు. ఆమె నాకు ఐదు వారాలుగా చెబుతూనే ఉంది.

"ఇప్పుడే జీపెక్కు, అనంతపురం పోదాం" అన్నాను.

"రాయికేనా?"

"నీ చేతులకు."

"అట్లనే అనుకుందాం" అంది, ఎక్కి కూర్చుంది.

రాయికి రక్తపరీక్ష

మా జీపు ఉరవకొండ దాటకముందే వెనకాల తిప్పారెడ్డి కారు కనిపించింది. మేడం ఓబుళమ్మ రాయి చూసి, మాట్లాడకుండా జీపులో వేసుకుపోయిందని ఊళ్ళో అప్పటికే తెలిసిపోయింది. ఆయన వెనక ఆటోలో ఇంకో పదిమంది.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల, పని తెలిసిన పిల్ల. ఓబుళమ్మ వేళ్ళు నొక్కి చూసి, నేను అడిగిన ప్రశ్నలే అడిగి, రక్తపరీక్ష రాసింది. గుమ్మంలో నిలబడ్డ తిప్పారెడ్డికి ఇది మింగుడు పడలేదు.

"రాయికి రక్తపరీక్ష యాల తల్లీ?"

"ఏ రాయి?" అంది డాక్టరు.

"నా చేన్ల రాయి."

డాక్టరు నావైపు తిరిగి, "కిడ్నీలో రాయి కూడా ఉందా మేడం ఈమెకు?" అంది.

"కిడ్నీ కాదమ్మా, చేను" అన్నాడు తిప్పారెడ్డి. వరండాలోని పదిమందీ ఔనన్నారు.

ఎలాగో అందరినీ బయటికి పంపాం. డాక్టరు ఓబుళమ్మకు ఓపికగా వివరించింది. ఒంట్లో జబ్బులతో పోట్లాడే శక్తే దారి తప్పి కీళ్ళ మీద పడుతోందని. అసలు మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలని, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని. ప్రతి నెలా వచ్చి రక్తం చూపించుకోవాలని. ఒరిగిన చిటికెనవేలు మాత్రం ఇక అలాగే ఉంటుందని. ఆ మాట అన్నప్పుడు నేను కిటికీ వైపు చూశాను.

ప్రతి నెలా అన్న మాట దగ్గర నేను మనసులో బస్సులు లెక్కపెట్టుకున్నాను. ఆ ఊరికి బస్సు సరిగా రాదు. ఉరవకొండలో మారాలి. ఒక పూట కూలి పోతుంది. ఇలాంటి మందులు మొదలుపెట్టి మూడో నెలకు మానేసినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఓబుళమ్మ ఒక్క నెల కూడా తప్పలేదు. తిప్పారెడ్డి కారులో వచ్చేది. రాయి ఆమె కొంగులో ఉంది, చూపించదు. ఒంటరిగా అనంతపురం వస్తే ఎవరికి అమ్ముకుంటుందోనని ఆయన దగ్గరుండి తీసుకొచ్చి, దగ్గరుండి తీసుకుపోయేవాడు. రక్తం ఇచ్చేటప్పుడు కూడా పక్కనే. వారం మాత్ర ఆదివారం. ప్రతి ఆదివారం పొద్దున్నే మనిషిని పంపించి వేసుకుందో లేదో కనుక్కునేవాడు. "ఆ యమ్మకేమన్నా అయితే రాయి ఎవరి పాలైతాదో" అని నాతోనే అన్నాడు. ఆమె పనిలో పనిగా ఆయన్ను నా గదికి తెచ్చి, ఆయన మోకాళ్ళకు కూడా వ్యాయామం చేయించేది. రోగిని ఇంత శ్రద్ధగా చూసుకున్న బంధువును నేను ఎక్కడా చూడలేదు.

ఇద్దరి రహస్యం

ఏడాది దాటింది. నేను రిటైరయ్యేది కూడా ఆ నెలే. ఓబుళమ్మ మళ్ళీ కూలికి పోతోంది. రక్తపరీక్షలు బాగున్నాయి. నా మనసులో మాత్రం ఒకటి మిగిలింది. ఆ రాయి గురించి ఇద్దరికీ నిజం చెప్పాలి. ఆ రోజు జీపులో ముడి విప్పి చూసినప్పుడే నాకు తెలుసు, అది ఉత్త పలుగురాయి.

తిప్పారెడ్డి బయట ఉన్నప్పుడు చెప్పాను. "ఓబుళమ్మా, ఆ రాయి వజ్రం కాదు. నాకు రాళ్ళ సంగతి తెలీదు కానీ ఆ మాత్రం తెలుసు."

ఆమె నావైపు చంటిపిల్లను చూసినట్టు చూసింది. "నాకు తెల్దా మేడం? రెండో నెల్లోనే ఉరవకొండలో రాళ్ళు కొనే ఒకాయనకు సూపించినా. పలుగురాయి అన్యాడు, ఆడ్నే పారేసొచ్చినా."

"మరి కొంగులో?"

"వక్కాకు సున్నపుకాయ. రాయి లేదంటే కారు రాదు గదా. నువ్వు రెడ్డికి సెప్పొద్దు."

ఆమె మందుల కిటికీ దగ్గరికి పోయింది. తిప్పారెడ్డి లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నా ముందు కూర్చున్నాడు. చాలాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"మేడం, నీకొగ మాట సెప్పల్ల. ఆ యమ్మ దగ్గర రాయి లేదు, ఏం లేదు. ఉరవకొండాయన మా సడ్డకునికి తెలిసినోడే. అప్పుడే ఫోన్ చేసి సెప్పినాడు."

"అప్పుడంటే?"

"రెండో నెల్లోనే."

"మరి ఇన్నాళ్ళూ కారెందుకు తెచ్చారు?"

ఆయన గోడ మీది ఎముకల పటం చూశాడు. "ఊరంతా రాయుందనే అనుకుంటాండాది. కారు తెచ్చేది నిలబెడితే, రెడ్డి పలుగురాయి కోసం తిరిగినాడంటారు. మల్లొకటి. ఫస్టు దినం ఆ యమ్మ కారు తలుపు కూడా తీసుకోల్యా మేడం. నేనే దిగి తీసినా. ఒగ మనిసికి తలుపు తీసేకి రాకపోతే ఎట్ల? నువ్వు ఓబుళమ్మకు సెప్పొద్దు."

ఇద్దరికీ మాట ఇచ్చాను. ఇప్పుడు రాస్తున్నానంటే పేర్లు మార్చాను, అంతే. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఒకటే. జబ్బు గడి ముందే నింపకండి. మిగతాది, జనం ఎందుకు వస్తారో, ఎందుకు మందులు వేసుకుంటారో, ఎవరు ఎవరిని ఎందుకు మోసుకొస్తారో, నాకు ముప్పై ఏళ్ళలో అర్థమైంది చాలా తక్కువ. ఆ గడికి రిజిస్టరులో చోటు లేదు.

వాళ్ళను సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాను. ఓబుళమ్మ మందుల సంచి ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. కుడిచేత్తో తలుపు పట్టుకుని లాగింది. వరండాలో జనం తిరిగి చూసేంత చప్పుడుతో పడింది.

"మెల్లగా ఎయ్యమ్మా తల్లీ! కారు ఇరగ్గొడ్తావా ఏంది?" అని అరిచాడు తిప్పారెడ్డి.

"సరిగ్గా పడలేదేమో రెడ్డీ" అని ఓబుళమ్మ తలుపు తీసి, ఇంకోసారి వేసింది.